గట్టు మీద చెప్పని మాట

నాకు నా పేరు రాయడం వచ్చు. బస్సు బోర్డు కూడబలుక్కుని చదవడం వచ్చు. అంతకు మించి చదువు లేదు. ఇది నేను చెబుతుంటే స్వాతి అనే అమ్మాయి రాస్తున్నది. ఎం.టెక్. చదువుతున్నది, మా సముద్రపు ఒడ్డు నీళ్ళ మీదే తన ప్రాజెక్టు. రాయడం మొదలుపెట్టకముందే ఆ పిల్లకు గట్టిగా చెప్పాను: నా మాట ముతకగా ఉంటే సాపు చెయ్యి, తప్పులుంటే దిద్దుకో, కానీ నన్ను మంచిదాన్ని మాత్రం చెయ్యొద్దు అని.

ఎందుకంటే నేను పని మానుకున్న రోజు కాలేజీ వాళ్ళు నాకు శాలువా కప్పి, మైకులో నన్ను చాలా మంచిదాన్ని చేసేశారు. "రవణమ్మ లేకపోతే ఇన్ని థీసిస్‌లు లేవు" అన్నారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను కుర్చీలో ముడుచుకుని కూర్చున్నాను. ఆ చప్పట్లలో నాకు మా ఊరి చెంగమ్మ ముఖం కనబడింది. ఆమెను ఆ సభకు ఎవరూ పిలవలేదు. పిలిచినా ఆమెకు వచ్చే వీలు లేదు. ఆ సమయానికి ఆమె రొయ్యల షెడ్డులో, ఐసు నీళ్ళలో చేతులు పెట్టుకుని, నిలబడి రొయ్య తలలు తీస్తూ ఉంటుంది. నారు పోసి అమ్ముకునే మనిషి ఆ షెడ్డుకు ఎందుకు చేరిందో మైకులో ఎవరూ చెప్పలేదు. నేనూ లేచి చెప్పలేదు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు అది తెలుసుకోవాలి. అందుకే ఈ రాత.

నా పని

మాది వాకాడు దాటి సముద్రం వైపు పోయే దారిలో ఒక పల్లె. ఊరి చివర ఒక ఇంజనీరింగ్ కాలేజీ వాళ్ళ చిన్న గది ఉంది. ఫీల్డు రూము అంటాం. మా ఆయన దానికి వాచ్‌మన్. ఆయన ఉన్నట్టుండి పోయినాక ఆ పని నాకు ఇచ్చారు. తాళం తీయాలి, ఊడవాలి, నీళ్ళు పట్టాలి అన్నారు. చేరినాక తెలిసింది, అసలు పని అది కాదని. అసలు పని పిల్లల ముందు నడవడం.

ఆ పిల్లలు నెత్తిన టోపీలు పెట్టుకుని, మెడలో కార్డులు వేసుకుని, పెట్టెలు మోసుకుంటూ దిగుతారు. వాళ్ళను చూడగానే మా వాళ్ళు తలుపులు వేసుకుంటారు. భూములు కొలిచి లాక్కోవడానికి వచ్చారేమోనని భయం. నేను ముందు నడిస్తే అవే తలుపులు తెరుచుకుంటాయి. "మన రవణక్కే గదా, రానీండి" అంటారు. మంచినీళ్ళు ఇస్తారు, మంచం వాలుస్తారు, అడిగిన చోట వేలిముద్ర వేస్తారు.

ఊరి చేత సరే అనిపించడం నా పని అని ఏ ఆర్డరులోనూ రాయలేదు. కానీ జీతం దానికే. ఆ పని నాకు బాగా వచ్చు. ఇప్పుడు తలుచుకుంటే, అంత బాగా రాకుండా ఉంటే బాగుండేదనిపిస్తుంది.

చిందిన సీసా

చేరిన కొత్తల్లో జరిగింది ఇది. పిల్లలకు గైడుగా ఒక పెద్దసారు వచ్చేవాడు. సన్నగా, ఎప్పుడూ చొక్కా చేతులు మడిచి ఉండేవాడు. కోపం వచ్చినా గొంతు పెంచేవాడు కాదు. అందుకే ఆయనంటే మాకు ఎక్కువ భయం.

ఒకనాడు రొయ్యల గుంటల దగ్గర పట్టిన నీళ్ళ సీసాలు పెట్టెలో పెట్టుకుని వస్తుంటే నా కాలు జారింది. ఒక సీసా మూత ఊడి సగం చిందింది. పిల్లలు ముందు పోతున్నారు, ఎవరూ చూడలేదు. ఎండలో అంత దూరం మళ్ళీ ఎవరు పోతారని, పక్క సీసాలోని నీళ్ళు కొంచెం ఇందులో పోసి నింపి మూత బిగించాను. నాకు అది తప్పనిపించలేదు. అవీ నీళ్ళే, ఇవీ నీళ్ళే కదా.

గదికి వచ్చాక పెద్దసారు ఉప్పు కొలిచే మీటరు పెట్టి చూసి, "ఈ రెండూ ఇంత దగ్గరగా చూపిస్తున్నాయేంటి?" అన్నాడు. పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్ళ మీదికి పోతుందని భయపడి చెప్పేశాను. ఆయన ఆ పెట్టె మొత్తం బయటికి తీసుకుపోయి, సీసాలన్నీ ఒక్కొక్కటిగా ఇసుకలో వంచేశాడు. పిల్లలు ఏడుపు ముఖాలు పెట్టారు. నేను నిజంగానే ఏడ్చాను.

ఆయన నా పక్కన అరుగు మీద కూర్చుని పెరుగన్నం డబ్బా తీసి, సగం మూతలో పెట్టి నాకిచ్చాడు. "రవణమ్మా, చిందిందని చెబితే ఒక్క సీసా పోతుంది. నింపితే అన్నీ పోతాయి" అన్నాడు. "మిగతావి ముట్టుకోలేదు సార్" అన్నాను. "నాకు తెలుసు. కానీ ఇప్పుడు నేను వేరేవాళ్ళకు ఎలా చెప్పను?" అన్నాడు.

ఆ తరువాత నా చేతి నుంచి ఒక్క తప్పు సీసా కాలేజీకి పోలేదు. ఐసు కరిగితే కరిగిందని చెప్పాను. సీసా మారిపోతే మారిందని చెప్పాను. అందుకు నాకు గర్వంగా ఉండేది. ఇప్పుడు లేదు. ఎందుకంటే కాలేజీకి అబద్ధం పోకూడదని మాత్రమే నేర్చుకున్నాను. ఊరికి అబద్ధం పోతే ఏమవుతుందో నాకు ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

గోడ మీది రంగు పట్టీలు

భార్గవ్ అని ఒక అబ్బాయి వచ్చాడు. పట్నం పిల్లోడు, కష్టపడేవాడు. రొయ్యల గుంటల్లో పెట్టిన ఉప్పు నీళ్ళు ఇసుకలోపలి నుంచి పక్క దొరువుల్లోకి ఎంత దూరం ఊరుతున్నాయన్నది వాడి పని. మా ఇసుక నేలల్లో కొంచెం లోతు తవ్వితే తియ్యటి నీళ్ళు ఊరతాయి. ఆ గుంతే దొరువు. ఆడవాళ్ళు అందులోకి దిగి, కుండలు ముంచి, మడులకు చేత్తో పోస్తారు.

వాడు వచ్చీ రాగానే గదిలో గోడకు పెద్ద కాగితం అంటించాడు. దాని మీద రంగు రంగుల పట్టీలు. "ఇది లోపలి నీళ్ళు చూడటానికి నేలలోకి పైపులు దింపే నెల, ఇది నీళ్ళు పట్టే నెలలు, ఇది ల్యాబు, ఇది రాసుకోవడం" అని నాకు వేలితో చూపించాడు. ముచ్చటేసింది. నా పెళ్ళి కూడా ఇంత పద్ధతిగా జరగలేదన్నాను. వాడు నవ్వాడు.

దొరువుల వాళ్ళలో మొదట చెంగమ్మ దగ్గరికే తీసుకుపోయాను. నాకు వరసకు మరదలు. మొగుడు తాగి తిరుగుతాడు, ఇల్లు నడిపేది ఆమె. మిరపనారు, వంగనారు పోసి చుట్టుపక్కల రైతులకు అమ్ముతుంది. ఆమె నారుకు పేరు. "చెంగమ్మ నారు" అంటే వేరు గట్టిగా ఉంటుందని తోటపల్లి గూడూరు వైపు నుంచి కూడా వచ్చేవారు.

భార్గవ్ సీసా ముంచి, కడిగి, ఆ నీళ్ళు ఇసుకలో పారబోశాడు. చెంగమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"ఎవురబ్బయ్యా నువ్వు, మొదటి చెంబు ఇసకలో పోసేది? మీ కాలేజీలో బిందె ముంచేది కూడా నేర్పలేదా?"

"సీసా కడిగిన నీళ్ళమ్మా. పారబోయాలి. రూలు."

"నీ రూలు నీ సీసాకి. ఈ గట్టుకొక రూలు ఉండాది. ఎవురు ముంచినా ముందు ఆ నందివర్ధనం మొదట్లో పొయ్యాల. ఆ తరవాత నీ సీసా నింపుకో, నీ లారీ నింపుకో."

వాడు సరేనన్నాడు. ఆ రోజు నుంచి కడిగిన నీళ్ళు ఆ చెట్టు మొదట్లోనే పోశాడు. వాడి రూలూ చెడలేదు, ఆమె రూలూ చెడలేదు. వాడంటే ఆమెకు ఇష్టం కుదిరింది. పైపు దింపుకోవడానికి మడి అంచు తవ్వుకోనిచ్చింది. ఒక్కటే అడిగింది.

"నా నీళ్ళు ఎట్టా ఉండాయో నాకు చెప్తారు గదా?"

"తప్పకుండా చెప్తామమ్మా."

"మిరపనారు పోసే ముందు చెప్పు. పోసినాక చెప్తే నాకేం లాభం?"

వాడు నా వైపు చూశాడు. నేను అందుకున్నాను. "చెప్తారు లేమే, యాడికి పోతారు? నేనుండా గదా."

అదీ నాకు బాగా వచ్చిన పని.

గదికి వచ్చినాక ఆ రంగు పట్టీల వంక చూసి కూడా నాకు తట్టలేదు. పైపులు దింపడానికి పట్టీ ఉంది, నీళ్ళు పట్టడానికి ఉంది, రాసుకోవడానికి ఉంది. వెనక్కి వచ్చి చెప్పడానికి ఏ రంగూ లేదు.

జీపులో చెప్పిన మాట

మిరపనారు పోసే అదును దగ్గరపడింది. భార్గవ్ పైపులు పీకుకోవడానికి వచ్చాడు. వాడి కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి. రిపోర్టు ఇవ్వాల్సిన గడువు ముంచుకొచ్చిందట. జీపులో సామాను ఎక్కించుకుని, గూడూరులో రైలు అందుకోవాలని తొందర. నేను ఊరి మలుపు దాకా వాళ్ళతో కూర్చున్నాను. అప్పుడు చెప్పాడు.

"రవణమ్మగారూ, చెంగమ్మగారి దొరువులో ఉప్పు పెరుగుతోంది. పక్క గుంట నుంచే. ఎండలు ముదిరితే ఆ నీళ్ళు నారుకు పనికిరావు. మీరు ఆమెకు చెప్పేయండి."

"నువ్వే చెప్పు అబ్బయ్యా. ఆమె అడిగింది నిన్ను. జీపు అటు తిప్పితే సరిపోతుంది గదా."

"రైలు పోతుందండీ. అయినా మీరైతే ఆమెకు అర్థమయ్యేటట్టు చెబుతారు. మీలా ఎవరు చెప్పగలరు?"

ఆ మాటకు నేను పొంగిపోయాను. అది తలుచుకుంటే మిగతా అన్నిటికన్నా ఎక్కువ సిగ్గేస్తుంది. చదువుకున్న పిల్లోడు నా చేతిలో అంత బరువు పెట్టి పోతున్నాడంటే అది గౌరవమనుకున్నాను.

దిగి నేరుగా దొరువు దగ్గరికే పోయాను. చెంగమ్మ మడి చదును చేసి, ఎరువు చల్లి, విత్తనం తడిగుడ్డలో కట్టి పెట్టుకుని ఉంది. గట్టు మీద నిలబడి కళ్ళు చికిలించి నా వైపు చూసింది.

"ఏందక్కా, జీపు పోయినాది? ఆ అబ్బయ్య ఏమన్నా చెప్పినాడా?"

మా వైపు ఒక పట్టింపు ఉంది. దొరువు గట్టు మీద నిలబడి ఆ నీళ్ళను చెడ్డ మాట అనకూడదు. గంగమ్మ వింటుంది, అలిగి పోతుంది అంటారు. నీళ్ళు ఉప్పుబారాయని తెలిసినా అక్కడ అనరు. ఇంటికి పోయినాక, వేరే మాటల మధ్యలో, "ఈ ఏడు ఇంకో చోట ముంచుకోరాదా" అని అంటారు. విన్నవాళ్ళు అర్థం చేసుకుంటారు. నేను పుట్టినప్పటి నుంచి చూసింది అదే. నోరు తెరిస్తే అలవాటు కొద్దీ అదే వచ్చింది.

"బాగుండాదంట లేమే" అన్నాను.

సాయంత్రం వాళ్ళింటికి పోయి అసలు మాట చెప్పాలనుకున్నాను. ఒట్టు, అనుకున్నాను. ఆ సాయంత్రం వాళ్ళింట్లో మొగుడు తాగి వచ్చి గొడవ. వీధిలోకి వినబడుతుంటే వెనక్కి తిరిగాను. మరునాడు పోయేసరికి విత్తనం చల్లేసి, మడి మీద గడ్డి కప్పుతున్నది. "పోసినాక చెప్తే నాకేం లాభం" అని ఆమే అన్నది కదా. ఆ మాటనే నేను సాకు చేసుకున్నాను. ఇప్పుడు చెప్పి బాధపెట్టడమెందుకు, వాన పడితే సర్దుకుంటుంది అనుకున్నాను. కూర్చుని గడ్డి కప్పడంలో సాయం చేశాను కూడా.

కంపెనీ వ్యాను

నారు మొదట బాగానే లేచింది. ఎండలు ముదిరేకొద్దీ ఆకు అంచులు తెల్లబడ్డాయి. చెంగమ్మ తెగులనుకుని మందు కొట్టింది. నీళ్ళు చాలలేదేమోనని ఇంకా ఎక్కువ పోసింది. ఎంత పోస్తే అంత మాడింది. అంతకు ముందే కొంత నారు రైతులు తీసుకుపోయారు. వాళ్ళ పొలాల్లో అది నిలవలేదు. ఒకరి తరువాత ఒకరు వచ్చి ఆమె వాకిట్లో నిలబడి అడిగిపోయారు. ఆ తరువాతి అదునుకు ఎవరూ రాలేదు. ఆ పేరు తెచ్చుకోవడానికి ఆమెకు ఎన్నేళ్ళు పట్టిందో నేను చూశాను. పోవడానికి ఒక్క ఎండాకాలం చాలింది.

ఒక పొద్దున ఆమె ఫీల్డు రూముకు వచ్చింది. నేను ఊడుస్తున్నాను. గడప బయటే నిలబడింది.

"రవణక్కా, ఆ పిల్లోడికి తెలిసినాదా?"

"తెలిసినాది."

"నీకు?"

నేను చీపురు పట్టుకునే తల ఊపాను.

"గట్టు మీద అడిగినా. గట్టు మీద అనకూడదు, నాకూ తెలుసు. ఇంటికి రాలేకపోయినావా? నీ ఇంటికీ నా ఇంటికీ మధ్య సముద్రం ఉండాదా?"

తిట్టి ఉంటే కాళ్ళు పట్టుకునేదాన్ని. ఆమె తిట్టలేదు. తిరిగి పోయింది. కొద్దిరోజులకు ఊరి మలుపులో రొయ్యల కంపెనీ వ్యాను ఎక్కడం మొదలుపెట్టింది. ఆ మలుపు మా ఇంటి ఎదురుగానే.

పెద్దసారుకు చెప్పాను. ఆయన లేచి ఆ గోడ మీది కాగితం దగ్గరికి పోయాడు. "దీని మీద సంతకం నాదే" అన్నాడు. చిందిన సీసాకు పెట్టె మొత్తం పారబోసిన మనిషి. ఆయనకు కూడా వెనక్కి వచ్చి చెప్పే పట్టీ లేదని తట్టలేదు. భార్గవ్‌కు ఫోను చేయించాను. "మీరు చెప్పేశారనుకున్నానండీ" అన్నాడు. వాడు అబద్ధం ఆడలేదు, నిజంగానే అనుకున్నాడు. థీసిస్‌లో చెంగమ్మ పేరు లేకుండా దొరువుకు ఒక నంబరు వేశానన్నాడు. ఊరివాళ్ళ పేర్లు బయట పడకూడదని, అది ధర్మమని మీకు నేర్పుతారట. మంచిదే. కానీ చివరికి ఆ సంగతి లోకం నుంచే కాదు, ఆమె నుంచి కూడా దాచినట్టయింది.

సరే అనడం గురించి

మీరు మా ఊళ్ళకు వచ్చినప్పుడు నాలాంటిది ఒకతె ముందు నడుస్తుంది. ఆమె ముఖం చూసి జనం సరే అంటారు. అది మీకు అన్న సరే కాదు. ఆమె వెళ్ళిపోయినాక మళ్ళీ ఒకసారి అడగండి. కాదంటే పైపు ఇంకో చోట దింపుకోండి. మీ లెక్క కొంచెం చెడుతుంది, చెడనీండి.

రెండోది. చెడ్డ కబురు ఉంటే దాన్ని ఎవరి చేతిలోనూ పెట్టి రైలెక్కొద్దు. ఊరి మనిషి అయితే బాగా చెబుతుందనుకుంటారు. ఊరి మనిషికే అది చెప్పడం కష్టం. మరునాడు అదే కొళాయి దగ్గర ఆ ముఖాన్నే చూడాలి. చెప్పడం మీ పనిలో భాగం. గోడ మీద దానికీ ఒక రంగు వేయండి. గడువు దాటినాక ఖాళీ దొరికితే వస్తామనే రంగు కాదు. నారు పోయకముందు పడే రంగు.

మూడోది నాలాంటి వాళ్ళకు. పొగడ్తకు లొంగి ఇంకొకరి మాట మొయ్యొద్దు. మోస్తే దించేదాకా నిద్రపోవద్దు.

మళ్ళీ అదే గట్టు

శాలువా కప్పించుకుని ఇంట్లో కూర్చున్నాక ఈ స్వాతి వచ్చింది. పాత దొరువుల నీళ్ళు మళ్ళీ చూడాలట. చెంగమ్మ దొరువు పక్కన ఉన్న గుంటను రొయ్యలకు జబ్బు తగిలి వదిలేశారు. అది ఎండిపోయి పడి ఉంది. ఉప్పు తగ్గిందేమో చూడాలంది. నేను రానన్నాను. "మీరు లేకపోతే ఆమె ఒప్పుకోదేమో అవ్వా" అంది. "నేనుంటేనే ఒప్పుకోదు" అన్నాను. జరిగింది చెప్పాను. ఆ పిల్ల అంతా విని, "అయితే రండి, ఆమె కాదంటే కాదననీ" అంది.

చెంగమ్మకు షెడ్డు సెలవు రోజున పోయాం. ఐసు నీళ్ళకు ఆమె వేళ్ళు పాలిపోయి పగిలి ఉన్నాయి. స్వాతి తనకేం కావాలో చెప్పి, ఇష్టం లేకపోతే వద్దమ్మా అంది. చెంగమ్మ నన్ను చూడకుండా ఆ పిల్లనే చూస్తూ చెప్పింది.

"నీళ్ళు పట్టుకోమ్మే. నాకేం. కానీ ఏమైందో నీ నోటితో నేను వినాల. ఆమె నోటితో వద్దు."

వాళ్ళిద్దరూ దొరువులోకి దిగారు. నేను గట్టు కింద ఆగిపోయాను. స్వాతి సీసా కడిగి నీళ్ళు పోయబోతుంటే చెంగమ్మ చెయ్యి పట్టి నందివర్ధనం వైపు తిప్పింది. చెట్టు సగం ఎండి ఉంది. అయినా పోయించింది.

చెప్పిన రోజుకు స్వాతి వచ్చింది. ఈసారి కూడా నేను పోయాను గానీ రోడ్డు దగ్గరే నిలబడ్డాను. చెంగమ్మ ఆ పిల్లను గట్టు మీద మాట్లాడనివ్వలేదు. అంత దూరం తాటిచెట్టు నీడకు తీసుకుపోయి, "ఈడ చెప్పు" అన్నట్టు నిలబడింది. వాళ్ళేం మాట్లాడుకున్నారో నాకు వినపడలేదు. స్వాతి చేతులు ఊపుతూ ఏదో చెబుతోంది, చెంగమ్మ మధ్యమధ్యలో అడుగుతోంది. తిరిగి వస్తూ స్వాతి, "ఏం చెప్పానో చెప్పనా అవ్వా?" అంది.

"వద్దు. అది ఆమె నీళ్ళ సంగతి" అన్నాను.

మరునాడు పొద్దున వాకిలి చిమ్ముతున్నాను. మలుపులో వ్యాను ఆగింది. చెంగమ్మ క్యారియరు పట్టుకుని వచ్చింది. ఆ వ్యాను ఎక్కడం మొదలుపెట్టినప్పటి నుంచి ఆమె నా వాకిలి వైపు చూసింది లేదు. ఆ రోజు మెట్టు మీద కాలు పెట్టి ఆగింది.

"రవణక్కా."

చీపురు పక్కన పెట్టాను.

"ఇంకా బాగలేదంట. ఈ ఏడు నారు పొయ్యొద్దంట. గుంట ఎండింది గదా, వానలు గట్టిగా పడితే ఉప్పు విరిగేదానికి ఉండాదంట. వచ్చే ఏడు ఆ పిల్ల మళ్ళా వచ్చి చూసి చెప్తాదంట."

డ్రైవరు హారను కొట్టాడు. ఆమె ఎక్కేసింది. వ్యాను పోయింది.

నేను ఆమెకు చెప్పాల్సిన మాట. ఆమే నా వాకిట్లోకి తెచ్చి, ఒక్క అక్షరం తగ్గించకుండా నాకు చెప్పి పోయింది.